మీ కౌంటీ ఖాతాలో ఉన్న ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ డబ్బు: చిన్న సంస్థలు గ్రాంటుకి ఎలా దరఖాస్తు చేయాలి

ఒక ఆదివారం రాత్రి పదకొండు దాటాక మా సంస్థ ఫోన్ మోగింది. అవతల ఒకావిడ. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. "అమ్మా, మా అబ్బాయి బాత్రూంలో పడిపోయాడు. అంబులెన్స్ వాళ్ళొచ్చి ముక్కులో మందు కొట్టి లేపారు. హాస్పిటల్ నుంచి ఇంటికి పంపించేశారు. రేపు పొద్దున లేచాక ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదమ్మా" అంది. ఆ రాత్రి నా దగ్గరా జవాబు లేదు. అలాంటి ఇంటికి మర్నాడే వెళ్ళి, వాళ్ళ భాషలో మాట్లాడి, చికిత్స దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే మనిషికి జీతం ఇవ్వగల డబ్బు మా కౌంటీ ఖాతాలోనే ఉందని చాలా కాలానికి గానీ నాకు తెలియలేదు.

అమెరికాలో తెలుగు సంఘం, గుడి వాలంటీర్ల బృందం, మహిళా సంస్థ, ఇలా ఏదో ఒకటి నడుపుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనుండేది నార్త్ కరొలైనాలో, కాబట్టి వివరాలు ఎక్కువగా ఇక్కడివే ఉంటాయి. పద్ధతి మాత్రం మిగతా రాష్ట్రాల్లోనూ చాలావరకు ఇదే.

ముందు ఆ డబ్బు సంగతి

నొప్పి మాత్రల పేరుతో ఓపియాయిడ్లను, అంటే నల్లమందు జాతికి చెందిన, అలవాటు పడితే వదలని మందులను, విచ్చలవిడిగా అమ్మిన, సరఫరా చేసిన కంపెనీల మీద రాష్ట్రాలు, కౌంటీలు, నగరాలు కేసులు వేశాయి. 2021లో మూడు పెద్ద సరఫరా కంపెనీలు మెకెసన్, కార్డినల్ హెల్త్, అమెరిసోర్స్‌బర్గెన్ కలిసి 18 ఏళ్ళలో 21 బిలియన్ డాలర్ల వరకు, జాన్సన్ అండ్ జాన్సన్ 5 బిలియన్ల వరకు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆ తర్వాత టెవా, అలర్గన్, సీవీఎస్, వాల్‌గ్రీన్స్, వాల్‌మార్ట్ కూడా దారికొచ్చాయి. అన్నీ కలిపితే 50 బిలియన్లు దాటింది. ఆక్సీకాంటిన్ తయారుచేసిన పర్డ్యూ ఫార్మాది వేరే కథ. మొదటి ఒప్పందాన్ని 2024లో సుప్రీంకోర్టు కొట్టేసింది, 7.4 బిలియన్ల కొత్త ఒప్పందానికి 2025లో ఆమోదం వచ్చింది.

దరఖాస్తు రాసేటప్పుడు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. 1998లో పొగాకు కంపెనీలు 46 రాష్ట్రాలకు 25 ఏళ్ళలో 206 బిలియన్ల దాకా ఇస్తామని ఒప్పందం చేసుకున్నాయి. అందులో చాలా భాగం పొగాకు మాన్పించడానికి కాకుండా రోడ్లకీ, బడ్జెట్ లోట్లకీ వెళ్ళిపోయింది. మళ్ళీ అలా జరగకూడదనే ఓపియాయిడ్ ఒప్పందంలో కనీసం 85 శాతం ఓపియాయిడ్ నష్టాన్ని తగ్గించే పనులకే ఖర్చు పెట్టాలని రాశారు. ఏ పనులు పనికొస్తాయో ఒప్పందానికి జతచేసిన 'ఎగ్జిబిట్ ఈ' అనే జాబితాలో ఉంటుంది. దరఖాస్తుకి ముందు చదవాల్సిన మొదటి కాగితం అదే. పెద్దదేమీ కాదు, ఒక సాయంత్రం చాలు.

మీ రాష్ట్రంలో ఆ డబ్బు ఎవరి చేతిలో ఉంది?

ఇది తేల్చుకోకుండా ఫోన్లు చేస్తే నెలలు వృథా అవుతాయి. నార్త్ కరొలైనాలో 85 శాతం నేరుగా కౌంటీలకీ కొన్ని నగరాలకీ వెళ్తుంది, రాష్ట్రానికి 15 శాతమే. అంటే ఇక్కడ తట్టాల్సిన తలుపు కౌంటీదే. టెక్సస్‌లో అలా కాదు. అక్కడ 70 శాతం రాష్ట్ర స్థాయి కౌన్సిల్ చేతిలో ఉంటుంది, స్థానిక ప్రభుత్వాలకి నేరుగా వచ్చేది 15 శాతమే. ఒహాయోలో 55 శాతం 'వన్ఒహాయో రికవరీ ఫౌండేషన్' ద్వారా పంచుతారు. వర్జీనియాలోనూ 55 శాతం ఒక ప్రత్యేక అథారిటీకి వెళ్తుంది. న్యూజెర్సీలో రాష్ట్రానికి సగం, కౌంటీలు, మునిసిపాలిటీలకి సగం.

మీ రాష్ట్రం పేరు పక్కన 'ఓపియాయిడ్ సెటిల్‌మెంట్' అని కొట్టి వెతకండి. నార్త్ కరొలైనావాళ్ళకి 'కోర్-ఎన్‌సీ' అనే డ్యాష్‌బోర్డ్ ఉంది. 100 కౌంటీల్లో దేనికి ఎంత వస్తోంది, దేనిమీద ఖర్చు పెడుతున్నారు అన్నీ అక్కడ కనిపిస్తాయి. మీ కౌంటీ పేజీ తెరిచి రెండు అంకెలు రాసుకోండి: ఇప్పటిదాకా వచ్చింది, ఇప్పటిదాకా ఖర్చయింది. ఆ రెండిటి మధ్య తేడా పెద్దగా ఉంటే కౌంటీ ఇంకా ఆలోచనలోనే ఉందన్నమాట. మన మాట వినే సమయం అదే.

నోటీసు రాకముందే సిద్ధం చేసుకోవాల్సినవి

గ్రాంటు నోటీసు, అంటే ఆర్‌ఎఫ్‌పీ, బయటికొచ్చాక మీకు నాలుగు నుంచి ఆరు వారాల సమయం దొరికితే గొప్ప. కాగితాలు అప్పుడు వెతుక్కుంటే కుదరదు. ఐఆర్ఎస్ ఇచ్చిన 501సీ3 ఉత్తరం (పన్ను మినహాయింపు కాగితం), ఈఐఎన్ (సంస్థ పన్ను నంబరు), డబ్ల్యూ-9 (ఆ నంబరు తెలిపే ఫారం), గత రెండు మూడేళ్ళ ఫారం 990లు (ఐఆర్ఎస్‌కి ఏటా ఇచ్చే లెక్కలు), బోర్డు సభ్యుల జాబితా, జనరల్ లయబిలిటీ ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, బ్యాంకు వివరాలు, ఇవన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. కౌంటీ వెండర్ పోర్టల్‌లో ఇప్పుడే రిజిస్టర్ చేసుకోండి. కొన్ని కౌంటీలు యూఈఐ, అంటే ఫెడరల్ ప్రభుత్వం సంస్థలకిచ్చే గుర్తింపు నంబరు, కూడా అడుగుతాయి. ఇది ఫెడరల్ డబ్బు కాకపోయినా సరే, నంబరు ఉచితంగానే వస్తుంది, తీసి పెట్టుకోండి.

మన సంస్థల్లో చాలావాటిది ఒక ఇబ్బంది. చిన్న సంఘాలు ఏటా 990-ఎన్ అనే పోస్ట్‌కార్డ్ ఫారం మాత్రమే వేస్తాయి. ఆడిట్ చేయించిన లెక్కలు ఉండవు. అలాంటప్పుడు ఒంటరిగా వెళ్ళకండి. కౌంటీలో ఇప్పటికే చికిత్స నడుపుతున్న పెద్ద సంస్థని ముందు పెట్టి, దాని కింద సబ్-కాంట్రాక్టర్‌గా చేరండి. పేరు వాళ్ళదే పైన ఉంటుంది, నిజమే. కానీ లెక్కలు, ఇన్సూరెన్స్, వైద్య పర్యవేక్షణ అన్నీ వాళ్ళు చూసుకుంటారు. మనవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి మన భాషలో మాట్లాడే పని, వాళ్ళు చెయ్యలేని పని, మన చేతిలో ఉంటుంది. మొదటిసారి దరఖాస్తు చేసేవాళ్ళకి నేను గట్టిగా చెప్పే సలహా ఇదే.

గుడి తరఫున అడగొచ్చా అని చాలామంది అడుగుతారు. మామూలుగా అడగొచ్చు. అయితే ఆ డబ్బు పూజలకీ ప్రవచనాలకీ వాడకూడదు, సేవలో మతం చూడకూడదు. గుడి హాల్లో శిక్షణ పెడితే ఎవరు వచ్చినా రానివ్వాలి.

ఏం అడగాలి?

చాలా దరఖాస్తులు ఇక్కడే తప్పటడుగు వేస్తాయి. మనకి అలవాటైనది అవగాహన సదస్సు. ఒక హాలు, ఒక బ్యానర్, ఇద్దరు డాక్టర్ల ప్రసంగాలు, తర్వాత భోజనాలు, ఫొటోలు. దయచేసి దీనికి గ్రాంటు అడగకండి. ఎగ్జిబిట్ ఈ లో నివారణ కార్యక్రమాలకి చోటు ఉంది, కాదనను. అయినా ఆధారం ఉన్న పద్ధతులకే మార్కులు పడతాయి. పైగా సదస్సుకి వచ్చేవాళ్ళలో అవసరం ఉన్న కుటుంబం ఒక్కటీ ఉండదు. ఎందుకు ఉంటుంది? అక్కడికొస్తే నలుగురి కంట్లో పడతామన్న భయం ఉంటుంది.

నార్త్ కరొలైనా ఒప్పందంలో 'ఆప్షన్ ఏ' కింద 12 పనులు ఉన్నాయి. చికిత్స, రికవరీ సహాయం, రికవరీ ఇళ్ళు, ఉద్యోగాలకి సాయం, పిల్లల్లో ముందే గుర్తించడం, నాలొక్సోన్ (ఓవర్‌డోస్‌లో ఊపిరి తెప్పించే మందు) పంపిణీ, ఓవర్‌డోస్ తర్వాత ఇంటికి వెళ్ళే బృందం, సూదుల మార్పిడి కేంద్రాలు, జైలుకి పంపకుండా చికిత్సకి మళ్ళించడం, జైల్లో ఉన్నవాళ్ళకి చికిత్స, బయటికొచ్చినవాళ్ళకి ఆసరా, వీటన్నిటినీ కలిపి ప్రణాళిక వేయడం. వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటే కౌంటీకి పని సులువు. ఈ జాబితాకి బయటి పనులు, అంటే 'ఆప్షన్ బీ' కావాలంటే, కౌంటీ ముందు పెద్ద ప్రణాళిక ప్రక్రియ పూర్తి చేయాలి. అందుకే మొదటిసారి ఆప్షన్ ఏ దాటి వెళ్ళకండి.

ఒక తెలుగు సంస్థ నిజంగా చెయ్యగలిగిన పనులు నా అంచనాలో రెండు.

మొదటిది, తెలుగు మాట్లాడే సర్టిఫైడ్ పీర్ సపోర్ట్ స్పెషలిస్ట్. అంటే వ్యసనం నుంచి తాను బయటపడి, శిక్షణ తీసుకుని, ఇంకొకరికి తోడు నిలిచే మనిషి. మనవాళ్ళలో అలాంటివాళ్ళు లేరనుకోకండి. ఉన్నారు, ఎవరూ అడగక బయటికి చెప్పలేదు. కౌంటీ బృందం ఓవర్‌డోస్ జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు, తలుపు తీసిన అమ్మమ్మకి ఇంగ్లిష్ రాకపోతే పని అక్కడే ఆగిపోతుంది. పక్కన ఈ మనిషి ఉంటే, "అమ్మమ్మా, నేనూ ఇదే దారిలో నడిచి వచ్చాను" అని ఒక్క మాటతో లోపలికి వెళ్ళగలడు.

రెండోది నాలొక్సోన్. ముక్కులో కొట్టే ఈ స్ప్రేకి 2023 మార్చిలో ప్రిస్క్రిప్షన్ లేకుండా అమ్మడానికి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మేం శిక్షణ ఇచ్చినప్పుడు ఇరవై మందిని పిలిచి స్టేజీ మీంచి చెప్పలేదు. ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో అయిదుగురం గుండ్రంగా కూర్చున్నాం. ఒక పెద్దావిడ స్ప్రేని చేతిలో తిప్పి తిప్పి చూసి, "ముందు గాల్లో ఒకసారి కొట్టి చూడాలా?" అని అడిగింది. కొట్టకూడదు, లోపల ఉన్నది ఒక్క డోసే. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, ఆ వేళ్ళు ముక్కుకి తగిలేదాకా లోపలికి పెట్టి, బొటనవేలితో ఒక్కసారి నొక్కాలి. 911కి ఫోన్ చేయాలి. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే ఇంకో ముక్కులో రెండోది. ఆవిడ ఖాళీ డబ్బాతో మూడుసార్లు చేసి చూపించింది. తర్వాత మెల్లగా, "మా ఇంట్లో ఒకటి పెట్టుకోవచ్చా?" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. దరఖాస్తులో మేం రాసింది సరిగ్గా ఇలాంటి చిన్న కూటముల గురించే.

'ఇది ఇస్తే అలవాటు ఇంకా పెరగదా' అని మన సంఘం పెద్దలే అడుగుతారు. ఊపిరి ఆగిన మనిషికి ఊపిరి తెప్పించే మందు ఇది. బతికుంటేనే కదా చికిత్స. బోర్డు మీటింగులో ఈ మాట ముందే తేల్చుకోండి. లేకపోతే గ్రాంటు వచ్చాక ఇంట్లోనే గొడవ మొదలవుతుంది.

కౌంటీ వాళ్ళని ముందే కలవండి

చాలా కౌంటీల్లో ఈ నిధులకి ఒక కోఆర్డినేటర్ ఉంటారు, ఎక్కువగా పబ్లిక్ హెల్త్ లేదా హ్యూమన్ సర్వీసెస్ శాఖలో. అరగంట సమయం అడగండి. నార్త్ కరొలైనాలో డబ్బు అందుకునే ప్రతి కౌంటీ ఏడాదికి ఒక్కసారైనా అందరూ రావచ్చని పిలిచి మీటింగ్ పెట్టాలి. ఆ తేదీ కనుక్కుని వెళ్ళండి. అక్కడ మాట్లాడడం కంటే వినడం ముఖ్యం. కౌంటీకి ఏ పని జరగక టెన్షన్‌గా ఉందో వాళ్ళే చెప్తారు.

అయితే ఒక హద్దు ఉంది. నోటీసు బయటికొచ్చాక కమిషనర్లతోనూ, మార్కులు వేసేవాళ్ళతోనూ విడిగా మాట్లాడకూడదని చాలా నోటీసుల్లో రాసి ఉంటుంది. ప్రశ్నలుంటే నోటీసులో ఇచ్చిన ఈమెయిల్‌కే, వాళ్ళు చెప్పిన తేదీ లోపలే పంపాలి. తెలిసినవాళ్ళున్నారు కదా అని ఫోన్ చేస్తే దరఖాస్తే తీసేయొచ్చు.

రాయడం మొదలుపెట్టాక

నోటీసు చివర్లో మార్కుల పట్టిక ఉంటుంది. అవసరానికి ఇన్ని, పద్ధతికి ఇన్ని, బడ్జెట్‌కి ఇన్ని అని. మీ సమాధానాలకి అదే వరుస, అవే శీర్షికలు పెట్టండి. చదివేవాళ్ళు వరసగా ఎన్నో దరఖాస్తులు చూస్తారు. వెతుక్కునే ఓపిక వాళ్ళకి ఉండదు.

అవసరం గురించి రాసేటప్పుడు దేశం మొత్తం లెక్కలతో మొదలుపెట్టకండి. 2023లో అమెరికాలో ఓవర్‌డోస్‌తో లక్ష మందికి పైగా చనిపోయారని వాళ్ళకి తెలుసు. మీ కౌంటీ అంకెలు రాష్ట్ర ఆరోగ్య శాఖ డ్యాష్‌బోర్డులో దొరుకుతాయి, అవి పెట్టండి. తెలుగువాళ్ళ అంకెలు విడిగా ఎక్కడా ఉండవు, మనల్ని 'ఏషియన్' అనే ఒక్క గడిలో కలిపేస్తారు. ఆ సంగతే దరఖాస్తులో రాయండి. మీ ఫోన్‌కి గత ఏడాది ఎన్ని కాల్స్ వచ్చాయి, అందులో ఎన్ని కుటుంబాలు చికిత్స దాకా వెళ్ళాయి, ఎన్ని మధ్యలో ఆగాయి, ఇవి మీ దగ్గర ఉండాలి. లేకపోతే ఇవాళే ఒక నోట్‌బుక్ మొదలుపెట్టండి. పేర్లొద్దు. తేదీ, అడిగిన విషయం, ఏమైంది, అంతే.

మా మొదటి దరఖాస్తు పోయింది. తర్వాత ఫీడ్‌బ్యాక్ కాల్‌లో ఒక అధికారి ఒకే ప్రశ్న వేశారు: "మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఈ పని ఎవరు చేస్తూ ఉంటారు?" మా పన్నెండు పేజీల్లో దానికి జవాబు లేదు. 'సమాజంలో మార్పు', 'సాధికారత' లాంటి మాటలు నిండుగా ఉన్నాయి, మనిషి లేడు. రెండోసారి ఒక వారాన్ని రోజువారీగా రాశాం. సోమవారం కౌంటీ బృందంతో రెండు ఇళ్ళు. మంగళవారం మధ్యాహ్నం క్లినిక్‌కి ఒకరిని తీసుకెళ్ళడం. గురువారం సాయంత్రం తల్లిదండ్రుల ఫోన్ గ్రూపు. అలా రాస్తుంటే మా ప్లాన్‌లో లోపాలు మాకే కనిపించాయి.

ఇంకో రెండు ప్రశ్నలకి జవాబు ముందే రాయండి. ఒకటి, 'దీనికి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) డబ్బు ఇవ్వదా?' నార్త్ కరొలైనా 2023 డిసెంబరులో మెడికెయిడ్‌ని విస్తరించింది. పీర్ సపోర్ట్‌కి చాలా సందర్భాల్లో మెడికెయిడ్ బిల్లు వేయొచ్చు. అందుకే మెడికెయిడ్ ఇవ్వని పనికే డబ్బు అడుగుతున్నామని స్పష్టంగా చెప్పాలి: ఇంకా పేషెంట్‌గా నమోదు కాని కుటుంబంతో మాట్లాడడం, అనువాదం, కారులో తీసుకెళ్ళడం, వీసా మీద ఉండి ఇన్సూరెన్స్ పోయినవాళ్ళు. రెండోది, 'ఈ పనికి ఇప్పటికే వేరే డబ్బు వస్తోందా?' పాత డబ్బు తీసేసి ఆ చోట సెటిల్‌మెంట్ డబ్బు పెట్టడం ఎవరికీ నచ్చదు.

సపోర్ట్ లెటర్లు రెండు మూడు చాలు. 'వీళ్ళు మంచివాళ్ళు' అనే ఉత్తరం పనికిరాదు. 'నెలకి ఇంతమందిని వీళ్ళు పంపితే మేం వారం లోపు అపాయింట్‌మెంట్ ఇస్తాం' అని ఒక క్లినిక్ రాసిస్తే అది బంగారం.

బడ్జెట్

సగం రోజు పనిచేసే ఒక పీర్ స్పెషలిస్ట్‌కి ఉజ్జాయింపుగా ఒక లెక్క చూపిస్తాను. రేట్లు మీ ఊరిని బట్టి మార్చుకోండి.

జీతం: వారానికి 20 గంటలు, 52 వారాలు, గంటకి 24 డాలర్లు = 24,960
యజమాని కట్టే ఫైకా పన్ను (సోషల్ సెక్యూరిటీ, మెడికేర్) 7.65 శాతం = 1,909
ప్రయాణం: నెలకి 150 మైళ్ళు, మైలుకి 70 సెంట్లు (2025 ఐఆర్ఎస్ రేటు) = 1,260
ఫోన్: నెలకి 40 = 480
పర్యవేక్షించే క్లినీషియన్: నెలకి 4 గంటలు, గంటకి 60 = 2,880
ఇన్సూరెన్స్ = 1,200
మొత్తం = 32,689
ఆఫీసు నిర్వహణ 10 శాతం = 3,269
అన్నీ కలిపి = 35,958 డాలర్లు

ప్రతి అంకె పక్కన అది ఎలా వచ్చిందో ఒక వాక్యం రాయాలి. నాలొక్సోన్ ఉచితంగా తెచ్చుకుంటుంటే సున్నా వేసి, ఎక్కణ్ణుంచి వస్తోందో రాయండి. పర్యవేక్షణ గంటలు కొట్టేసి డబ్బు ఆదా చేద్దామనుకోకండి. వ్యసనం నుంచి బయటపడిన మనిషి రోజూ ఇంకొకరి వ్యసనం మధ్య పనిచేస్తాడు. అతనికి మాట్లాడుకోవడానికి ఒకరు ఉండి తీరాలి. ఈ ఒక్క లైను విషయంలో బోర్డుతో పోట్లాడైనా నిలబెట్టండి.

చాలా కౌంటీలు ముందు డబ్బు ఇవ్వవు. మీరు ఖర్చు పెట్టి, రసీదులు పంపాక తిరిగి ఇస్తాయి. పై లెక్కలో మూడు నెలలకి దాదాపు 9,000 డాలర్లు. అంత మీ ఖాతాలో ఉందా? లేకపోతే అడ్వాన్స్ దొరుకుతుందేమో ప్రశ్నల గడువులోనే అడగండి.

పంపేటప్పుడు, పంపాక

గడువు రోజున పంపకండి. సాయంత్రం అయిదింటికి పోర్టల్ మూసేస్తారనగా మేం ఎనిమిది నిమిషాల ముందు అప్‌లోడ్ చేస్తుంటే, ఇన్సూరెన్స్ ఫైలు సైజు ఎక్కువైందని తిప్పికొట్టింది. రెండు రోజుల ముందే పంపి, అందినట్టు వచ్చిన ఈమెయిల్ దాచుకోండి.

ఎంపికయ్యాక కూడా కౌంటీ కమిషనర్లు తీర్మానం చేయాలి. ఏ పనికి, ఎంత, ఎంతకాలం అన్నది అందులో ఉంటుంది. సంతకాలయ్యేదాకా ఎవరికీ ఉద్యోగం ఇచ్చేశామని చెప్పకండి. సంతకమయ్యాక మొదటి వారమే రిపోర్టు నమూనా తెప్పించుకుని, అందులో అడిగిన అంకెలన్నీ మీ నోట్‌బుక్‌లో గడులుగా గీసుకోండి. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జులై 1 నుంచి జూన్ 30 దాకా. కౌంటీ ఏటా రాష్ట్రానికి లెక్క చెప్పాలి, మీ అంకెలు రాకపోతే వాళ్ళది ఆగిపోతుంది. కుటుంబాల పేర్లు, చికిత్స వివరాలు రిపోర్టులో ఎక్కడా ఉండకూడదు. మన సంఘం చిన్నది, 'ఐటీలో పనిచేసే తండ్రి, ఫలానా వీధి' అన్నా చాలు, గుర్తుపట్టేస్తారు.

రాకపోతే మార్కుల పత్రం, ఫీడ్‌బ్యాక్ కాల్ రెండూ అడగండి, మామూలుగా ఇస్తారు. ఆ ఏడాదికి తలుపు మూసుకుపోయినట్టు కాదు. నార్త్ కరొలైనాలో కౌంటీ మేనేజర్ జూన్ 1 లోపు బడ్జెట్ పెట్టాలి, దానిమీద బహిరంగ విచారణ జరగాలి. ఎవరైనా పేరిచ్చి మాట్లాడొచ్చు, సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు. మా తరఫున నేను వెళ్ళలేదు. క్లబ్‌హౌస్‌లో స్ప్రే తిప్పి చూసిన ఆ పెద్దావిడ వెళ్ళింది. తెలుగులో మాట్లాడింది, పక్కన మనవరాలు ఇంగ్లిష్‌లో చెప్పింది.